కాళ్ళ కింద లప్పం

గంట చాలదా అక్కా, పిడికెడు చిల్లేగా, అన్నాడు సూపర్‌వైజరు. అని, లప్పం డబ్బాని వంగి పెట్టకుండా బూటు కొనతో నా ముందుకు నెట్టాడు, కుక్క ముందుకి గిన్నె నెట్టినట్టు. నెట్టి వెళ్ళిపోయాడు. నేను రైలుపెట్టె తలుపు దగ్గర నేలమీద చతికిలబడి డబ్బాని చూస్తున్నాను, డబ్బా నన్ను చూస్తోంది. సైరను మోగేలోపు ఈ చిల్లు పూడాలి, దానిమీద రంగు పడాలి, రంగుమీద నేలంతా పరిచే రబ్బరు పరుపు అతకాలి, రేపు పొద్దున బండి లైనెక్కాలి. కొత్త బండి అట. ఆ మాటకి నవ్వు రావాలి, రావడంలేదు, పళ్ళు నూరుకుంటున్న నోట్లోంచి నవ్వెలా వస్తుంది. కొత్త రైళ్ళు వస్తాయి వస్తాయి అని ఏళ్ళ తరబడి చెప్పారు, ఈ పాతవాటిని ఇక పక్కన పెట్టేస్తామన్నారు, తుక్కు కోతకి పంపేస్తామన్నారు. రైళ్ళు రాలేదు. వాటికి వెయ్యాల్సిన రంగు మాత్రం ముందే డబ్బాల్లో వచ్చింది. పెళ్ళికొడుకు రాలేదు గానీ పెళ్ళికొడుకు బట్టలు వచ్చాయి, ఇంకేం, ఇంట్లో ఉన్న ముసలాయనకి తొడిగేసి ఇడుగో కొత్తల్లుడు అంటున్నారు. ముసలాయన మోకాళ్ళు వణుకుతున్నాయి, నోట్లో పళ్ళు లేవు, అయినా నీలం కోటు, తెల్ల చార, తళతళ. రేపు ప్లాట్‌ఫారం మీదికి పెద్దలొస్తారు, ఫొటోలు తీస్తారు, జనం చప్పట్లు కొడతారు. నేల సంగతి ఎవడికి కావాలి, నేల ఫొటోలో పడదు.

కిటికీ అద్దాలమీద రంగు పడకుండా కాగితాలు అంటించారు, అందుకే మధ్యాహ్నమైనా పెట్టెలోపల వెలుతురు కామెర్ల మనిషి కళ్ళలా ఉంది. బయట స్ప్రే గన్ను బుస్సుమంటుంది, ఆగుతుంది, మళ్ళీ బుస్సు. ఈ వాసన ముక్కుకంటే ముందు నాలుకకి తగులుతుంది, తియ్యగా, మురిగిన పండులా. మా ఆయన ఒంటినుంచి ఇదే వచ్చేది. పెళ్ళైన కొత్తలో మొగుళ్ళందరి వాసనా ఇంతే కాబోలనుకున్నాను, ఎవర్నని అడుగుతాం, పక్కింటావిణ్ణి పట్టుకుని మీ ఆయన ఎలా వాసనొస్తాడమ్మా అని అడగలేం కదా. ఇదే షెడ్డులో, ఇవే పెట్టెల్లో, మూతికి తుండుగుడ్డ కట్టుకుని బతుకంతా గీకాడు, పూశాడు. దగ్గితే ఆ ఏడు రైళ్ళ రంగేమిటో తెలిసేది. పెట్టెలు ఆకుపచ్చగా మారిన ఏడు కళ్ళె ఆకుపచ్చగా పడేది. నీలం ఏడు నీలంగా. ఇటుకరంగు ప్రైమరు కొట్టిన ఏడు రుమాలు చూసి రక్తమేమోనని నాకు గుండె ఆగినంత పనైంది, కాదే పిచ్చిదానా, ప్రైమరు, అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మరుసటి ఏడు నిజంగా రక్తం పడినప్పుడు కూడా ప్రైమరే అన్నాడు. అదీ మనిషి. ఒళ్ళు లోపల కుళ్ళిపోతుంటే పైన ఒక పూత పూసి, ఆరాక ఎమరీ కాగితంతో నున్నగా రుద్ది, చొక్కా తొడుక్కుని డ్యూటీకి పోయే మనిషి.

లప్పం మేస్త్రి అనేవాళ్ళు ఆయన్ని. అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. లప్పమంటే ఏముంది, ముద్ద, గోడల పగుళ్ళు పూడుస్తారే అలాంటిదే, రైలుపెట్టెలకి వాడేది ఇంకాస్త గట్టిగా ఆరుతుంది. తుప్పు తిన్న గుంటలో దాన్ని నింపి, కత్తితో సాపు చేసి, ఆరాక రుద్ది రంగు కొడితే అక్కడ గుంట ఉండేదని దేవుడు కూడా చెప్పలేడు. గుంట కనబడకూడదు, అంతే దాని పని. గుంట పోవాలని ఎవరూ అడగరు. మేస్త్రి చెయ్యి పడితే చాలు, ముసలిపెట్టె కూడా పడుచుపిల్లే, అని పొగిడేవాళ్ళు, ఆ పొగడ్త ఇంటికి తెచ్చుకుని నాకు వినిపించేవాడు, జీతంకంటే జాగ్రత్తగా. ఇంట్లోనూ అదే పని. వాళ్ళమ్మ నన్ను మాటంటే, అమ్మ మనసులో ఏమీ లేదే, అని ఒక పూత. కాగితాలమీద మేస్త్రి గ్రేడు ఇంకొకడికి ఇస్తే, వచ్చే ఏడు మనదే, అని ఇంకో పూత. పుట్టిన బిడ్డ దక్కలేదు ఒకసారి. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను, లేవలేదు, తినలేదు. నా పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడితే చాలునని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. మూడో పూటకి వచ్చి, నేను చూస్తున్న ఆ గోడమీద పెచ్చులూడిన చోటుంటే, లప్పం పెట్టి, రుద్ది, రంగేసి వెళ్ళాడు. అంత శ్రద్ధగా. గుంట లేకపోతే నేను చూడటానికి ఏమీ ఉండదనుకున్నాడో ఏమో. ఆ గోడ తర్వాత చాలాకాలం కొత్తగానే ఉంది. నేనే లేను.

చిల్లు అంచుని వేలితో తడిమాను. రబ్బరు పరుపు కింద నీళ్ళు చేరి చేరి ఇలా అయింది. పెట్టెలు కడిగేవాళ్ళు పైపుతో నీళ్ళు కొడతారు, నీళ్ళు తలుపు దగ్గరికే జారతాయి, పరుపు అంచుకింద దూరి అక్కడే కాపురం పెడతాయి. పైనుంచి చూస్తే నల్లగా, దిట్టంగా నేల. ఎంతమంది నిలబడతారు ఇక్కడ. ఉదయం బండిలో తలుపు దగ్గర కాలు పెట్టే చోటు దొరికితే అదృష్టం, రెండో కాలు ఎవరి కాలిమీదుందో తెలియదు. మా ఆడపడుచు సరిగ్గా ఇక్కడే నిలబడుతుంది. ఈ స్తంభం పట్టుకుని. వెనకనుంచి రెండో పెట్టె, ఎడమవైపు తలుపు, అదే చోటు, వేరేచోట నిలబడితే ఊపిరాడదట ఆవిడకి. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది, పొద్దస్తమానం వంగి కూర్చునే ఉద్యోగం, అందుకని రైల్లో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోదు, నడుం నిలబెట్టుకునేది ఈ ఒక్క గంటే వదినా అంటుంది. మొగుడితో పడక అన్న ఇంటికి వచ్చింది, అన్న పోయాక వదిన ఇంట్లో ఉండిపోయింది. ఇద్దరం ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద. ఫ్యాను నావైపు తిరిగితే ఆవిడకి ఉక్క, ఆవిడవైపు తిరిగితే నాకు ఉక్క. కూరలో ఉప్పు గురించి కొట్టుకోని రోజు లేదు. నీ జుట్టేమిటి వదినా దూదిలా, షెడ్డులో అంత రంగుంది, కాస్త తెచ్చుకోరాదూ, అంటుంది. ఆయన పోయాక ఆయన బదులు నాకు ఈ పని ఇచ్చారు, హాజరుకి నేను వేలిముద్ర వేస్తుంటే చూసి రెండురోజులు మాట్లాడటం మానేసింది. మూడోరోజు పలక ముందు పెట్టింది. లప్పం మేస్త్రి పెళ్ళాం వేలుకి సిరా పూసుకుని తిరిగితే మా అన్న పరువేం కాను, రాయి, అంది. ఆవిడ అ అంటే నేను అ. తప్పు రాస్తే చేతిమీద చరిచేది, నాకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు, ఆవిడకి చత్వారం, చూసినవాళ్ళు పడి పడి నవ్వేవాళ్ళు.

అక్షరాలు నేను ముందు చేత్తో చూశాను, కంటితో తర్వాత. షెడ్డులో రేకులుంటాయి, అక్షరాల ఆకారంలో కన్నాలు కొట్టినవి, వాటిని పెట్టెకి ఆనించి పైన రంగు కొడితే రాత పడుతుంది. ఏం రాస్తున్నానో తెలియకుండానే ఎన్ని తలుపులమీద కొట్టానో. చదవడం వచ్చాక నేను మొట్టమొదట చదివింది నా చేత్తో నేను కొట్టినదే. తలుపు దగ్గర నిలబడరాదు. ఇంటికెళ్ళి గొప్పగా చెప్పాను, ఏమ్మా, అక్కడ నిలబడకూడదట, రాసుంది. రాసింది నువ్వే కదా వదినా, నువ్వు ఇంట్లో చెబితేనే వినను, తలుపుమీద రాస్తే వింటానా, అంది. ఇవాళ పొద్దున కూడా అన్నం డబ్బా కట్టుకుంటూ ఒకటే మురిసిపోవడం. రేపట్నుంచి మాకు కొత్త బండట వదినా, స్టేషన్లో మైకులో చెప్పారు. కొత్తదీ లేదు గాడిదగుడ్డూ లేదు, అదే పెట్టె, నేనే గీకుతున్నాను, అన్నాను. నీకు బతుకంతా గీకుడే, ఒక్కటీ బాగుందని అనవు కదా, అంది. చెప్పులేసుకుని గడప దగ్గర ఆగి, అయినా కొత్త చీర కట్టుకుంటాను రేపు, కొత్త బండెక్కుతూ పాత చీర ఏం బావుంటుంది, అంది. ఇదీ పైవాళ్ళు అమ్ముకున్నది. రంగు కాదు. ఆ చీర కట్టుకోవాలనే సరదా, అది. దాని మీద మండుతోంది నాకు. మా ఆడపడుచు సరదాగా ఉన్న రోజులు ఎన్నని, వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒకటి ఇలాంటి దొంగసరుకు కోసం.

గీకుడు కత్తి పిడితో చిల్లు పక్కన తట్టాను. బతికున్న ఇనుము ఖంగుమంటుంది. ఇది బొద్దుమంది, తడి గుమ్మడికాయలా. ఇంకాస్త పక్కన తట్టాను. బొద్దు. జానెడు అవతల. బొద్దు. స్తంభం మొదలుదాకా పాకాను మోకాళ్ళమీద, తడుతూ పోతే అక్కడికిగానీ ఖంగుమనలేదు. పిడికెడు చిల్లట. చేటంత ఉంది. కత్తి పెట్టి పైపూత లేపాను, ఇటుకరంగు వచ్చింది, కింద నీలం, దానికింద ఆకుపచ్చ, ఆయన దగ్గిన రంగులన్నీ ఒకదాని కింద ఒకటి. ఆకుపచ్చ కింద తెల్లగా లప్పం. లప్పం గోడకి పెడతారు, పెట్టె పక్కలకి పెడతారు, దేహానికి పౌడరు లాంటిది అది. కాళ్ళ కింద ఎవడైనా పెడతాడా. ఏ దరిద్రుడికి పుట్టింది ఈ బుద్ధి అని తిట్టుకుంటూ ఇంకాస్త గీకాను, లప్పం కింద పల్చటి డబ్బారేకు అతికించి ఉంది, రేకు అంచు చుట్టూ ముద్ద నొక్కి ఉంది. బొటనవేలితో నొక్కి ఉంది. కత్తితో కాదు. ప్రతి నొక్కు చివరా వేలు కాస్త ఎడమకి తిప్పి లాగిన చార, నెలవంకలా.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ నెలవంక నాకు తెలుసు. మా గోడమీద ఉంది. వంటగట్టు పగులు మీద ఉంది. నీళ్ళ తొట్టి అంచున ఉంది. కత్తి అంచుకి అందని మూల ఏదున్నా ఆయన బొటనవేలే వాడేవాడు, ఎడమకి తిప్పేవాడు, ఈ ముద్ర చూస్తే నా పనేనని తెలియాలి అనేవాడు. ఆకుపచ్చ ఏడు. ఇటుకరంగుకి ముందు. అంటే ఆ రోజుల్లో, ఇంటికొచ్చి నా చేతి అన్నం తిని, ఇవాళ ఒక గొప్ప పని చేశానే, పైవాళ్ళు భుజం తట్టారు, అని చెప్పిన రోజుల్లో ఏదో ఒక రోజు, ఇక్కడ, నేను కూర్చున్నచోటే మోకాళ్ళమీద కూర్చుని, జనం కాళ్ళ కింద రేకు పరిచి, దానికి లప్పం పెట్టి, వేలితో దిద్దాడు. పైవాళ్ళు పెట్టమన్నారు, పెట్టాడు. బాగా పెట్టాడు. అంత బాగా పెట్టకపోతే ఎవడో ఒకడు పట్టుకునేవాడు కదా, ఈ నేల అప్పుడే కోసి కొత్త పలక వేసేవాళ్ళు కదా. నీ చెల్లెలు నిలబడుతోంది ఇక్కడ. బతికుండగా నిన్ను నువ్వు అని ఎన్నడూ అనలేదు, మీరు తిన్నారా, మీరు వచ్చారా, ఇప్పుడంటున్నాను విను, నువ్వు, నువ్వే. నీ తోడబుట్టింది, పాలకి ఏడిస్తే చంకనెత్తుకుని తిప్పానని చెప్పేవాడివి కదా, దాని పాదాలకీ పట్టాలకీ మధ్య నువ్వు పెట్టింది ఏమిటి, డబ్బారేకు, సుద్దముద్ద, నీ వేలి చార. మెచ్చుకోళ్ళకి కక్కుర్తిపడ్డావు. నీ ఊపిరితిత్తులకి నువ్వు లప్పం పెట్టుకున్నావు, పోయావు, అది నీ ఇష్టం అనుకుందాం, నా ఇష్టం ఎవరూ అడగలేదు గానీ అనుకుందాం. దాని కాళ్ళ కింద పెట్టే హక్కు నీకెవరిచ్చారు. ఇంత తిడుతున్నానా, నా వేలు వెళ్ళి ఆ నెలవంకలో కూర్చుంది. సరిగ్గా పట్టలేదు, ఆయన వేలు పెద్దది. దానికి కూడా కోపమొచ్చింది నాకు.

షెడ్డు వెనక కోత యార్డుంది. పనికిరాదని తేలిన పెట్టెల్ని అక్కడికి లాగుతారు, సీట్లు పీకుతారు, గ్యాసుమంటతో ముక్కలు కోస్తారు. నేను తిండి తినేది అక్కడే, ఎవరూ రారు కనుక. ఆయన కూడా తినేవాడట, ఎలా తినగలిగాడో. ఒకసారి నా కళ్ళముందే ఒక పెట్టె పక్కని నిలువునా కోశారు, అంచు చూశాను. ఇనుము కాగితమంత. లప్పం వేలంత. ఇన్నాళ్ళూ ఎండకీ వానకీ జనాన్ని మోసింది ఇనుమో లప్పమో, పాపం పెట్టెకే తెలియాలి. కానీ కోత యార్డులో ఒక మర్యాద ఉంది. అక్కడ ఎవరూ ఏదీ కప్పరు. తుప్పుని తుప్పంటారు. ఇది అయిపోయింది అంటారు, కోసేస్తారు. ముసలిదానికి దక్కాల్సిన మర్యాద అది. ఈ పెట్టెకి ఆ మాత్రం కూడా దక్కనివ్వడంలేదు, నడుం వంగిపోయాక కూడా ముఖానికి రంగేసి వీధిలోకి తోస్తున్నారు, నువ్వింకా పడుచువే, పద, ఎత్తుకో జనాన్ని అని. పైన పటారం, లోన లొటారం. ఆ లొటారంలో రేపు ఎంతమంది అరికాళ్ళు.

అడుగుల చప్పుడైంది. సూపర్‌వైజరు. మా ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు ఈయన, మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడో, నా చేతి పచ్చడి అడిగి మరీ వేయించుకునేవాడు. మూత తీయని డబ్బా చూశాడు, గీకేసిన నేల చూశాడు, మొహం పాలిపోయింది.

"ఏంటక్కా ఇది! పూడ్చమంటే తవ్వి కూర్చున్నావు?"

"పిడికెడు కాదు, చేటంత ఉంది. లప్పం కాదు, కోసి కొత్త పలక వెయ్యాలి."

"వెయ్యాలంటే పెట్టె వారంపాటు ఇక్కడే పడుకోవాలి. రేపే ప్రారంభం. పై ఆఫీసరు నిమిషానికోసారి ఫోను చేస్తున్నాడు, నన్ను పిండి పిండి పిప్పి చేస్తున్నాడు, నీకేం తెలుసు నా బాధ."

"మీ ఆఫీసరుని రమ్మను, చూపిస్తాను."

"ఆయనొచ్చి నేల చూస్తాడా? ఆయన బూట్లు చూశావా నువ్వు?" అని నవ్వించబోయాడు. నేను నవ్వకపోయేసరికి వంగాడు, ఈసారి నిజంగానే వంగాడు, అంచుమీద వేలు పెట్టాడు. నెలవంకని గుర్తుపట్టాడు. ఎందుకు గుర్తుపట్టడు, ఆ వేలు తిప్పడం ఈయనకి నేర్పిందే మా ఆయన. మొహంలో భయం పోయి వెలుగొచ్చింది.

"గురువుగారి చెయ్యి! ఇదీ సంగతి. ఇన్నేళ్ళు నిలబడిందంటే ఊరికేనా అక్కా. ఇంకో ఏడు కళ్ళుమూసుకుని నిలబడుతుంది. పైన కొంచెం ముద్ద పూసెయ్, చాలు. ఏం, నీ మొగుడి పనిమీద నీకే నమ్మకం లేదా?"

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అంతదాకా అది ఊరికే ఒక మాట అనుకున్నాను. అరికాల్లోనే పుట్టింది, నిజంగా. స్తంభం పట్టుకుని లేచాను. మోకాళ్ళు రెండూ కిర్రుమన్నాయి. మా ఆడపడుచు నిలబడే చోట నిలబడ్డాను, ఆవిడ పట్టుకునే చోట పట్టుకున్నాను, కొంగు బిగించాను. ఏం చేస్తున్నావక్కా అంటున్నాడు. నమ్మకం చూపిస్తున్నాను అన్నాను. అని, కుడికాలు ఎత్తి, మా ఆయన మీద ఉన్న ప్రేమా, కసీ, పైవాళ్ళ మీద ఉన్నదీ, ఆ కొత్త చీర మీద ఉన్నదీ అంతా కలిపి నా బరువంతా వేసి తొక్కాను.

చప్పుడు పెద్దగా రాలేదు. రొట్టెముక్క విరిగినట్టు. రేకు వంగింది, తుప్పు రాలింది, కాలు దిగిపోయింది, మోకాలిదాకా, మోకాలు దాటి. నేను స్తంభం పట్టుకుని ఉండబట్టి పూర్తిగా కూలబడలేదు. కింద పాదానికి చల్లగాలి తగిలింది, పట్టాల మధ్య గాలి. పిక్క పక్కన ఏదో కోసుకుని వెచ్చగా జారుతోంది. సూపర్‌వైజరు అమ్మో అని అరిచాడు, బయట స్ప్రే గన్ను ఆగిపోయింది, రంగు వేసే ఇద్దరు ముసుగులు తీసి తలుపులోంచి తలలు పెట్టి చూశారు, కళ్ళ చుట్టూ మాత్రం తెల్లగా, మిగతా మొహమంతా నీలంగా. పట్టండర్రా, లాగండి, అని చంకల కింద చేతులు పెట్టబోయాడు ఈయన. ముట్టుకోకు, అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, ముగ్గురూ ఆగిపోయారు.

"అక్కా, రక్తం కారుతోంది. కాలు తీసి కూర్చో ముందు. తర్వాత మాట్లాడుకుందాం."

"తీస్తే ఏం చేస్తావో నాకు తెలుసు. మీ ఆఫీసరుని పిలు. నా కాలు ఎక్కడుందో వచ్చి కళ్ళారా చూడమను."

"ఆయన రాడక్కా. సైరను మోగుతుంది ఇంకాసేపట్లో. బండి బయటికి లాగాలి."

"లాగు. నాతోనే లాగు."

సైరను మోగింది. ఇళ్ళకి పోవాల్సిన షెడ్డు పనివాళ్ళు ఒకరొకరే ఈ పెట్టె దగ్గరికి వచ్చి నిలబడుతున్నారు, ఒకడెవడో కిందికి వంగి పెట్టె అడుగునుంచి నా పాదం చూసి, చెప్పు ఊడిపోయిందమ్మా, అన్నాడు. ఉండనీ అన్నాను. సూపర్‌వైజరు ఫోను చెవికి ఆనించుకుని నావైపు చూస్తున్నాడు, ఒక చేతిలో ఆ లప్పం డబ్బా, ఎప్పుడు తీశాడో. నేను డబ్బావైపు చూపించాను. పెట్టాలని ఉంటే పెట్టవయ్యా, అన్నాను, నా కాలు చుట్టూ నొక్కి పెట్టు, మీ గురువుగారు నేర్పినట్టు వేలు తిప్పి మరీ పెట్టు. నేనిక్కడే ఉంటాను.